శామ్యూల్ డే దంపతులు – అర్ధాంతరపు తిరుగు ప్రయాణం

ఒక విద్యాలయం డెబ్బదియైదు వత్సరాలు నిండించుకొన్న శుభవేళ వెలువడే సంచికలో సాధారణంగా ఘనవిజయాలు సాధించినవారి చరిత్రలకే పెద్దపీట లభిస్తుంది. అది ఉచితమే. అయితే ప్రతి సంస్థ పునాదిలోను, తాము నాటిన మొక్క చెట్టయి నీడనివ్వడం చూడకుండానే వెళ్ళిపోయిన వారు కొందరు ఉంటారు. వారి పేర్లు శిలాఫలకాల మీద కనిపించవు. అటువంటి ఒక దంపతుల జీవితాన్ని మన విద్యార్థినీ విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ వ్యాస లక్ష్యం. వారు శామ్యూల్ డే గారు, ఆయన సతీమణి రోయెన్నా గారు. తెలుగు బాప్టిస్టు సమాజంలో డే గారి పేరు ఎరుగనివారు అరుదు. ఆయన తెలుగునాట స్థిరపడడానికి చేసిన తొలి ప్రయత్నాలలో ఒకటి మన పాత గంజాం జిల్లాలోనే జరిగినదన్న సంగతి మాత్రం మనలో అనేకులకు తెలియదు.

నాటి గంజాం

పందొమ్మిదవ శతాబ్ది తొలి భాగంలో గంజాం జిల్లా మద్రాసు రాజధానికి ఉత్తరపు అంచు. ఒక వంక ఒరియా, మరొక వంక తెలుగు, కొండలలో సవర, కోందు భాషలు కలిసి మెలిసి వినిపించిన నేల ఇది. నేడు శ్రీకాకుళంగా పిలువబడే చికాకోలు ఆనాడు ఈ జిల్లాలోనిదే. బరంపురం కుంఫిణీ దండు నివసించే ఊరు. ఇంగ్లండు దేశపు జనరల్ బాప్టిస్టు సంఘం వారు 1822లో కటకం చేరుకొని, అక్కడినుండి పూరీకి, బరంపురానికి తమ పనిని విస్తరింపజేసినారు. వారి చేతుల మీదుగా 1827లో బరంపురంలో జ్ఞానస్నానం పొందిన మొదటి వ్యక్తి ఒక తెలుగువాడు కావడం గమనింపదగినది. ఆంగ్ల రికార్డులలో ఎరున్ అని కనిపించే ఆ పేరు మన ఎర్రన్నదే కావచ్చు. ఒరియా నేర్చి వచ్చిన మిషనరీలకు గంజాం దాటి దక్షిణంగా వెళ్ళినకొద్దీ ఆ భాష అక్కరకు రాలేదు. అక్కడినుండి మద్రాసు సమీపం దాకా పరచుకొని ఉన్నది తెలుగు దేశం. విశాఖపట్టణంలో 1805 నుండి లండన్ మిషనువారు ఉన్నప్పటికి, ఇంత పెద్ద దేశానికి ఆ కొద్దిమంది ఏ మూలకూ చాలలేదు.

ఈ కొరతను ఖండాంతరాలకు వినిపించినవాడు ఏమోస్ సట్టన్ గారు. ఒరియా భాషకు వ్యాకరణం, నిఘంటువు రచించి, బైబిలును ఒరియాలోనికి అనువదించిన పండితుడాయన. మొదటి భార్య ఒరిస్సాకు వచ్చిన ఏడాదికే, 1825లో, పూరీలో మరణించినది. తరువాత ఆయన వివాహమాడినది ఎలిజబెత్ కోల్మన్ అనే అమెరికా దేశపు వితంతువును. ఆమె మొదటి భర్త కూడ మిషనరీయే. చిట్టగాంగు ప్రాంతంలో పనిచేస్తూ కన్నుమూసినాడు. భార్య స్వదేశంతో ఏర్పడిన ఈ బంధుత్వమే సట్టన్ గారి చూపును అమెరికా వైపు మళ్ళించినది. ఆరోగ్యం చెడి 1830లలో ప్రయాణమైన ఆయన అమెరికాలో అనేక పట్టణాలు తిరిగినారు. 1835లో వర్జీనియా రాష్ట్రంలోని రిచ్మండు నగరంలో అమెరికా బాప్టిస్టుల మహాసభ జరిగినప్పుడు, తెలుగు ప్రజల సంగతిని వారి ముందుంచి, పనివారిని పంపవలసినదని కోరినారు. ఆ పిలుపునకు వచ్చిన బదులే డే దంపతులు.

బయలుదేరిన జంట

శామ్యూల్ డే గారు 1808లో ఎగువ కెనడాలో, అనగా నేటి ఒంటారియో ప్రాంతంలో జన్మించినారు. న్యూయార్కు రాష్ట్రంలోని హామిల్టన్ వేదాంత విద్యాలయంలో చదివినారు. ఆ విద్యాలయమే నేటి కోల్గేట్ విశ్వవిద్యాలయానికి మూలం. ఇరువది ఏడేండ్ల వయస్సులో, రోయెన్నా క్లార్క్ గారిని భార్యగా వెంటనిడుకొని, 1835 సెప్టెంబరులో బోస్టను రేవులో లూవర్ అనే తెరచాప ఓడ ఎక్కినారు. సట్టన్ దంపతులు, ఒరిస్సాకు వస్తున్న నోయిస్, ఫిలిప్స్ అనే మరి ఇద్దరు మిషనరీల కుటుంబాలు కూడ అదే ఓడలో ఉండినవి. అప్పటికి సూయజ్ కాలువ లేదు. ఆఫ్రికా ఖండాన్ని చుట్టి రావలసినదే. నెలల తరబడి నీళ్ళ మీద గడిపి, 1836 ఆరంభంలో వారు కలకత్తా చేరుకొన్నారు. ఈ కాలపు విద్యార్థి అటువంటి ప్రయాణాన్ని ఊహించుకోవడం కష్టం. ఇంటికి ఉత్తరం వ్రాస్తే జవాబు రావడానికి ఏడాది పట్టే రోజులవి. తల్లిదండ్రులకు నమస్కరించి బయలుదేరేవారు, తిరిగి చూస్తామన్న ఆశను దాదాపుగా వదలుకొనే బయలుదేరేవారు.

కలకత్తానుండి డే దంపతులు విశాఖపట్టణానికి వచ్చి, కొద్దికాలానికి చికాకోలుకు మారినారు. ఆ సంవత్సరం గంజాం జిల్లాకు మంచి సంవత్సరం కాదు. ఉత్తరాన గుంసూరులో తిరుగుబాటు చెలరేగి, కుంఫిణీ సైన్యాలు కొండలలోనికి నడుస్తూండినవి. పర్లాకిమిడి జమీందారీలో అల్లర్లు అణగి అప్పటికి ఎంతో కాలం కాలేదు. ఇటువంటి వేళ ఒక తెల్లదొర వచ్చి, నాకు దండుతో పనిలేదు, పన్నులతో పనిలేదు, మీ భాష నేర్చుకొంటాను అంటే, జనం అనుమానించకుండా ఎట్లా ఉంటారు? సాధనాలు కూడ స్వల్పమే. బ్రౌన్ దొరగారి నిఘంటువు వెలువడింది 1852లో. డే గారు వచ్చేనాటికి దొరకినవి క్యాంబెల్ గారి వ్యాకరణం, ఆయన నిఘంటువు, విశాఖలో ప్రిచెట్ గారు అనువదించిన తెలుగు క్రొత్త నిబంధన వంటి కొద్ది గ్రంథాలే. నాలుక తిరగని శబ్దాలను పట్టుదలతో పలుకుతూ, చికాకోలు వీధులలో ఆయన తెలుగు ఓనమాలు దిద్దుకొన్నారు.

అక్కడ నిలువలేదు. విశాఖ పరిసరాలలో లండన్ మిషనువారు ఉండగా, ఎవరూ లేని చోటికి వెళ్ళడమే న్యాయమని ఆయనకు తోచినది. 1837లో మద్రాసు చేరి మూడేండ్లు గడిపినారు. మద్రాసు పట్టణంలో తెలుగువారు ఎందరున్నా అది తెలుగు దేశానికి గడప వంటిదే గాని నడిమిల్లు కాదు. ఆ సంగతి గ్రహించి, 1840లో నెల్లూరుకు మకాం మార్చినారు. చికాకోలునుండి నెల్లూరు వరకు, తెలుగు తీరం ఈ కొసనుండి ఆ కొస దాకా కొలిచి, చివరకు పెన్న ఒడ్డున ఇల్లు కట్టుకొన్నారన్నమాట.

నెల్లూరులో

నెల్లూరు, గుంటూరు మండలాలు 1833 నాటి ఘోర క్షామంనుండి అప్పుడప్పుడే తేరుకొంటూ ఉండినవి. డే గారు పల్లెలు తిరిగి బోధించినారు. తిరునాళ్ళకు, సంతలకు పోయి జనంతో మాట్లాడినారు. పిల్లలకు అక్షరాలు నేర్పే చిన్న బడులు వెలసినవి. రోయెన్నా గారు తన పిల్లలను సాకుకొంటూ, ఎండకు, జ్వరాలకు ఓర్చి, ఆ సంసారాన్ని నడిపినది. అదే సంవత్సరం స్టీఫెన్ వాన్ హ్యూసెన్ అనే సహచరుడు భార్యతో వచ్చి వారికి తోడయినాడు. ఇన్ని చేతులు కలిసి పనిచేసినా ఫలితం అత్యల్పం. 1844లో నెల్లూరులో సంఘం ఏర్పడినప్పుడు సభ్యులను వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును. బోస్టనులో కూర్చొని జమాఖర్చులు చూచే పెద్దలకు ఆ సంఖ్య ఎట్లా కనిపించి ఉంటుందో మనం ఊహించవచ్చు. పొరుగున బర్మాలో కరెన్ ప్రజలు వేలసంఖ్యలో ఆ మతంలో చేరుతూండగా, ఇక్కడ పదేండ్ల కృషికి ఫలం పిడికెడు.

1845లో వాన్ హ్యూసెన్ గారు ఆరోగ్యం చెడి స్వదేశానికి వెళ్ళిపోయినారు. మరుసటి ఏడాది డే గారి వంతు. శరీరం పూర్తిగా సడలిపోయి, ఇక్కడే ఉంటే ప్రాణం దక్కదన్న స్థితిలో, 1846లో ఆయన భార్యాబిడ్డలతో ఓడ ఎక్కినారు. బయలుదేరిన నాడు తలచినది ఒకటి, జరిగినది మరొకటి. జీవితాంతం ఉండడానికి వచ్చిన మనిషి పదేండ్లకే చేతులు ఖాళీగా ఇంటిదారి పట్టవలసి వచ్చినది. నెల్లూరులో మిగిలినది కొద్దిమంది దేశీయ సహాయకులు మాత్రమే.

మూసివేయాలన్న ఆలోచన

ఆయన అమెరికా చేరేసరికి అక్కడి పరిస్థితులు కూడ మారిపోయి ఉండినవి. బానిసత్వ సమస్యపై వివాదం ముదిరి, బాప్టిస్టులు 1845లో ఉత్తర, దక్షిణ వర్గాలుగా చీలిపోయినారు. ఉత్తరాది వారు 1846లో తమ సంస్థను అమెరికన్ బాప్టిస్టు మిషనరీ యూనియన్ అనే పేరుతో పునర్వ్యవస్థీకరించుకొన్నారు. డబ్బు తగ్గినది, భారాలు పెరిగినవి. ఫలం కనిపించని తెలుగు మిషనును నిలపడమా, మానడమా అన్న ప్రశ్న 1848లో వారి ముందుకు వచ్చినది. ఆ సమయంలో డే గారు అక్కడ ఉండడమే ఆ మిషనుకు అదృష్టమయినది. ఆరోగ్యం కొంత కుదుటబడగానే, తాను తిరిగి వెళ్ళడానికి సిద్ధమని ఆయన ముందుకు వచ్చినారు. మూసివేత ఆగిపోయినది. లైమన్ జువెట్ అనే యువకుడు, ఆయన భార్య యుఫీమియా వెంట రావడానికి అంగీకరించినారు.

ఇక్కడ మనం ఒక్క క్షణం నిలిచి ఆలోచింపవలసి ఉన్నది. 1848 అక్టోబరులో డే గారు మరల ఓడ ఎక్కినప్పుడు ఆయన ఒంటరి. రోయెన్నా గారు, పిల్లలు అమెరికాలోనే ఉండిపోయినారు. మొదటిసారి జంటగా వచ్చినవారు, రెండవసారి రెండు ఖండాలలో ఉండి ఒకే పనిని మోసినారు. ఆ విడిపోవడం నాలుగేండ్లకు పైగా సాగినది. చరిత్ర గ్రంథాలు డే గారి త్యాగాన్ని కొనియాడుతాయి. ఆయన వెళ్ళగలిగినది ఇంటి బరువునంతా ఆమె తన భుజానికి ఎత్తుకొన్నందువల్లనే. ఆ పిల్లలు తండ్రి లేని ఇంట పెరిగిన ఆ నాలుగేండ్ల వెల ఎంతో ఏ నివేదికకూ ఎక్కలేదు. ఈ జీవితగాథలో సగం ఆమెదని నేను తలుస్తాను.

1849 వేసవిలో నెల్లూరు చేరుకొన్న డే గారికి, తాను విడిచి వెళ్ళిన చిన్న సంఘం చాలావరకు చెదిరిపోయి కనిపించినది. తిరిగి మొదటినుండి మొదలుపెట్టినారు. జువెట్ దంపతులకు తెలుగు నేర్పించి, ఊళ్ళు చూపించి, పని అప్పగించినారు. పాత వ్యాధి మరల తిరగబెట్టినది. 1853లో, నలుబది అయిదేండ్ల వయస్సులో, ఆయన రెండవసారి, చివరిసారి తెలుగునేలను విడిచిపెట్టినారు. మరల రాలేదు.

ఒంటరి నక్షత్రం

అదే 1853లో న్యూయార్కు రాష్ట్రంలోని ఆల్బనీ నగరంలో యూనియన్ సభ జరిగినప్పుడు, నెల్లూరు మిషనును మూసివేయాలన్న ప్రతిపాదన మరల తలయెత్తినది. గోడకు వ్రేలాడుతున్న పటంలో బర్మా వైపు మిషను స్థానాలను తెలిపే నక్షత్రాలు గుంపుగా ఉండగా, బంగాళాఖాతానికి ఇవతల నెల్లూరు వద్ద ఒకే ఒక్క చుక్క కనిపించినదట. చర్చలో ఒకరు దానిని ఒంటరి నక్షత్రమని ప్రస్తావించినారు. సభకు వచ్చి ఉన్న శామ్యూల్ స్మిత్ అనే కవి ఆ రాత్రి ఆ పేరు మీదనే కొన్ని పద్యాలు అల్లినాడు. మరునాడు అవి చదివినప్పుడు సభ్యుల కళ్ళు చెమర్చినవని చెబుతారు. మిషను నిలిచినది. నాటినుండి తెలుగు మిషనుకు ఒంటరి నక్షత్రమన్న పేరు స్థిరపడిపోయినది.

తరువాతి కథ తెలుగువారిలో చాలామందికి తెలిసినదే. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున జువెట్ దంపతులు, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు అనే ముగ్గురు తెలుగువారితో కలిసి ఒంగోలు పక్కనున్న కొండ ఎక్కి, ఆ ప్రాంతానికి ఒక పనివానిని పంపుమని ప్రార్థించినారు. ఆ స్థలం ప్రార్థన కొండగా ప్రసిద్ధి పొందినది. 1862లో జువెట్ గారు కూడ అనారోగ్యంతో స్వదేశానికి వెళ్ళవలసి వచ్చినది. అక్కడ మూసివేత మాట మూడవసారి వినిపించినప్పుడు, మీరు పంపకపోయినా నేను ఒంటరిగానైనా తిరిగి వెళ్తానన్న ధోరణిలో ఆయన పట్టుపట్టినారు. డే గారి దారినే ఆయన నడిచినారు. 1865లో ఆయన వెంట వచ్చిన జాన్ క్లౌ గారు మరుసటి ఏడు ఒంగోలులో స్థిరపడినారు. ఎర్రగుంట్ల పేరయ్య గారి వంటి తెలుగు బోధకులు మాదిగపల్లెలలో కాలినడకన తిరిగి చేసిన కృషివల్ల ఆ ఉద్యమం ఊరూరా ప్రాకినది. ధాత, ఈశ్వర కరువు కాలంలో క్లౌ గారు బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకాన్ని గుత్తకు తీసుకొని, ఆకలితో అలమటించే వేలమందికి కూలి కల్పించినారు. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజులో 2,222 మంది జ్ఞానస్నానం పొందినారు. శతాబ్దాలుగా ఊరి వెలుపల నిలువబడిన ప్రజలకు బడి తలుపు తెరచుకొన్నది ఆ కాలంలోనే. మతవిషయాలలో ఎవరి అభిప్రాయం వారికి ఉండవచ్చును. ఆ పిల్లల చేతికి పలక, బలపం వచ్చినదన్న సంగతి మాత్రం అందరూ అంగీకరించేదే.

డే గారు ఆ రోజు చూడలేదు. 1871లో, అరువదిమూడేండ్ల వయస్సులో, అమెరికాలో ఆయన కన్నుమూసినారు. ఒంగోలు ప్రాంతంలో విశ్వాసుల సంఖ్య అప్పటికే వందలు దాటినది. ఆ వార్తలు మిషను పత్రికలలో అచ్చవుతూండేవి. అంతకు మించిన పంటను చూచే భాగ్యం ఆయనకు లేకపోయినది.

మరల గంజాం వైపు

చికాకోలును విడిచి వెళ్ళిన ఆ బాటసారి కథకు మన ప్రాంతంలో మరొక ముగింపు కూడ ఉన్నది. 1874లో కెనడా దేశపు బాప్టిస్టులు కాకినాడలో తమ సొంత మిషనును స్థాపించినారు. వారు అక్కడినుండి ఉత్తరానికి సాగి, విశాఖ, గంజాం మండలాలలో ఒక్కొక్క స్థానమే ఏర్పరచుకొంటూ చికాకోలు, టెక్కలి, పర్లాకిమిడి, సోంపేట దాకా వచ్చినారు. డే గారు పుట్టినది కెనడా గడ్డ మీదనే కదా! ఆయన ఓనమాలు దిద్దుకొన్న ఊరికి, నాలుగు దశాబ్దాలకు ఆయన జన్మభూమినుండే మరికొందరు రావడం కాలం చేసిన చిత్రం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం, పర్లాకిమిడి ఇటు వచ్చినవి. చికాకోలు అటు నిలిచి, 1950లో శ్రీకాకుళం జిల్లాకు కేంద్రమయినది. హద్దు గీయబడినా రాకపోకలు ఆగలేదు. బరంపురంనుండి సోంపేట ఆరోగ్యవరం ఆసుపత్రికి కంటి వైద్యానికై వెళ్ళి చూపుతో తిరిగి వచ్చిన పెద్దలు మన ఇండ్లలో ఉన్నారు. ఆ ఆసుపత్రి కెనడా మిషనువారి సేవా ఫలమే.

ప్రియ విద్యార్థులారా! డే గారు రెండుమార్లు రోగగ్రస్తులై ఇంటికి పంపబడినారు. ఆయన కాలంలో ఆయన పనిని తూచినవారు అది వృథా ప్రయాసమనే అనుకొన్నారు. రెండుసార్లు మూసివేతకు చర్చలు జరిపినారు. తాను విత్తిన పొలాన్ని బీడుగా వదలనివ్వకుండా మధ్యలో నిలబడి, మరొకరి చేతికి మేడి అందించి వెళ్ళడమే ఆయన చేసిన పెద్ద పని. అది లేకపోతే జువెట్ గారు లేరు, క్లౌ గారు లేరు. రోయెన్నా గారు తన ఇంట ఒంటరిగా గడిపిన సంవత్సరాలు లేకపోతే డే గారి రెండవ రాక కూడ లేదు.

మన భాషలో పాఠాలు చెప్పే బడి ఒకటి పరభాషా రాష్ట్రంలో డెబ్బదియైదు ఏండ్లు నిలిచినదంటే, ఇక్కడ కూడ మూసివేత మాట ఏదో ఒకనాడు వినిపించే ఉంటుంది. పిల్లలు తగ్గిన సంవత్సరాలలో, జీతాలు ఆలస్యమైన నెలలలో, ఎవరో ఒకరు అడ్డునిలిచి ఉంటారు. వారి ఇండ్లలో ఆ భారాన్ని పంచుకొన్న ఇల్లాండ్రూ ఉండి ఉంటారు. వారిలో చాలామంది ఈనాటి ఉత్సవాన్ని చూడడానికి లేరు. డే దంపతులను తలచుకొన్న ఈ వేళ వారిని కూడ తలచుకొందాము. చేతికి వచ్చిన మేడిని జారవిడువక, తరువాతి వారికి అందిద్దాము.